ఉత్తుత్తి దెయ్యాలకు స్వాగతం

పిల్లలు జడుసుకోకుండా, పెద్దలు కోర్టుకెక్కకుండా, జంతువులు బెదిరిపోకుండా హాలోవీన్ అనే దెయ్యాల పండగ జరపాలంటే ఎంత నేర్పు కావాలో ఆలోచించండి. దెయ్యం ఉండాలి, నవ్వుతూ ఉండాలి. అస్థిపంజరం ఉండాలి, డాన్సు చేస్తూ ఉండాలి. రక్తం మాత్రం చుక్క కూడా కనపడకూడదు. కారం తీసేసిన ఆవకాయ లాంటి ఈ భయానికి అమెరికావాళ్లు ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అని పేరు పెట్టారు. అక్టోబరు వచ్చిందంటే అక్కడి జూలన్నీ ఈ సరుకు పరుస్తాయి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ తన పండగను ‘బూ ఎట్ ద జూ’ అంటుంది. ఇంకా చాలా ఊళ్ల జూలదీ అదే పేరు.

విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను శనివారం ఎక్కడికో ఒకచోటికి తిప్పడం న్యూజెర్సీ తెలుగువాళ్లకు విధాయకం. వేసవిలో దిగినవాళ్లకు నయాగరా. అక్టోబరులో దిగినవాళ్ల నుదుట దెయ్యాలు రాసి ఉంటాయి. మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని బ్రాంక్స్ జూకు తీసుకెళ్లారు. 1899లో తెరిచిన జూ. 265 ఎకరాలు.

జంతువులను చూద్దామని వెళ్తే ముందు జంతువుల వేషాలే ఎదురొచ్చాయి. ఓ బుల్లి పులి ఐస్‌క్రీమ్ కోసం నేల మీద పడి దొర్లుతోంది. డైనోసార్ పాలసీసా నోట్లో పెట్టుకుని స్ట్రోలర్‌లో నిద్రపోతోంది. తేనెటీగ వేషంలో ఉన్న తల్లీ, పువ్వు వేషంలో ఉన్న తండ్రీ కారు ఎక్కడ పెట్టామన్న విషయం మీద దెబ్బలాడుకుంటున్నారు. మా మనవడు స్పైడర్‌మ్యాన్. అసలు పులి మాత్రం ఏ వేషమూ లేకుండా ఈ వరసంతా ఓసారి చూసి, ఆవలించి, అటు తిరిగి పడుకుంది.

చలికి నేను మంకీ క్యాప్ పెట్టుకున్నాను. ఒక తెల్లపిల్లాడు ఆగి, నాది ఏ క్యారెక్టరని అడిగాడు. ఏం చెప్పాలో తోచక మా అల్లుడు “మా మామయ్యగారు. రిటైర్డ్ తహసీల్దార్” అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియకపోయినా పిల్లాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు మొత్తమ్మీద నేను చూసిన కల్తీలేని భయం అదొక్కటే.

ఈ పండగ పుట్టినప్పుడు మాత్రం భయం అసలుదే. చలికాలం మొదలయ్యే వేళ, చచ్చిపోయినవాళ్లు ఇళ్లవైపు తిరిగొస్తారని ఐర్లండు పల్లెల్లో నమ్మేవాళ్లు. గుర్తుపట్టకుండా వేషాలు వేసుకునేవాళ్లు, టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్లు. 19వ శతాబ్దంలో కరువు తరిమితే ఓడలెక్కి అమెరికా వచ్చారు. ఇక్కడ దుంపకంటే పెద్దది, తొలవడానికి సులువైనది గుమ్మడికాయ దొరికింది. ఆ తర్వాత పండగను దెయ్యాల చేతిలోంచి దుకాణాలవాళ్లు తీసుకున్నారు. 2023లో హాలోవీన్ ఖర్చు 1,220 కోట్ల డాలర్లని అమెరికా నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా. అందులో 70 కోట్ల డాలర్లు కుక్కలూ పిల్లుల వేషాలకే. మనిషి పులిలా, కుక్క మనిషిలా తయారై వీధిలో ఎదురుపడితే పలకరింపు ఎవరు మొదలుపెట్టాలో ఫెడరేషన్ చెప్పలేదు.

గుమ్మడికాయలు చెక్కేచోట మా ఆవిడ కదల్లేదు. ఒకాయన కాయ కడుపు కోసి, గుజ్జంతా బకెట్లో పడేసి, తొక్కకు ముక్కూ మూతీ దిద్దుతున్నాడు. “ఇదేం చోద్యమయ్యా, పులుసు పెడితే ఊరంతా తినొచ్చు గదా!” అంది. ఆవిడ బాధ అర్థం చేసుకున్న జీవులు అమెరికాలో లేకపోలేదు, ఏనుగులు. పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ జూలో 1999 నుంచి ఏటా వందల కిలోల గుమ్మడికాయలను ఏనుగుల ముందు పెడుతున్నారు. అవి కాలితో ఒక్క తొక్కు తొక్కి, పగలగొట్టి, శుభ్రంగా తినేస్తాయి. గుమ్మడికాయను గుమ్మడికాయగా గుర్తించింది అవే.

పిల్లలకు మిఠాయిలు పంచే దారి ఇంకోటి ఉంది. సంచీ చాపితే చాక్లెట్ పడుతుంది. చాలా చాక్లెట్లలో పామాయిలు ఉంటుంది. ఆ పామాయిలు తోటల కోసం నరికింది ఇండోనేసియా, మలేసియాల్లో ఒరాంగుటాన్ల అడవిని. అందుకే కొన్ని అమెరికా జూలు, ఏ చాక్లెట్ కొంటే ఒరాంగుటాన్‌కు చేటు తక్కువో జాబితా కూడా ఇస్తున్నాయి. మనం నవ్వుకోనక్కర్లేదు. పామాయిలును ప్రపంచంలో అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. బజ్జీల బండి మీద మరిగే మూకుడుకు ఏ జాబితా ఉంది?

అలంకరణలో గబ్బిలాలకు పెద్దపీట. అట్టముక్క గబ్బిలాలకు ఎర్ర కోరలు. ప్రపంచంలో పధ్నాలుగు వందలకు పైగా గబ్బిలం జాతులుంటే రక్తం తాగేవి మూడు, ఆ మూడూ లాటిన్ అమెరికావి. న్యూయార్క్ గబ్బిలాలు తినేది పురుగులను. 2006లో ఇదే న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో వాటి ముక్కు మీద తెల్లటి బూజు కనిపించింది. అది ఖండమంతా పాకి లక్షలాది గబ్బిలాలను చంపింది. అట్ట గబ్బిలాన్ని చూసి కెవ్వుమన్నవాళ్లు, అసలు గబ్బిలాల చావుకు నోరు మెదపలేదు.

అలంకరణలో ఇంకో బొమ్మ గుడ్లగూబ. దాని విషయంలో మనమూ తక్కువ తినలేదు. ఉత్తరాదిన అది లక్ష్మీదేవి వాహనం. దీపావళి దగ్గరపడితే తాంత్రిక పూజల పేరుతో దాన్నే పట్టి అమ్ముతారు, చంపుతారు. 2024లో మన దేశంలో దీపావళి, అమెరికాలో హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, అక్టోబరు 31న. ఆ రాత్రి గుడ్లగూబకు అమెరికాలో బొమ్మగా ఉండటమే క్షేమం.

ఇన్ని ఉత్తుత్తి భయాల మధ్య బ్రాంక్స్ జూ వాళ్లు ఒక అసలు సరుకు కూడా పెడతారు. అంతరించిపోయిన జంతువుల శ్మశానం. వరసగా సమాధి రాళ్లు. దెయ్యం బొమ్మ దగ్గర అరిచిన పిల్లలు ఇక్కడ అరవలేదు. పెద్దలు రాయి పక్కన నిలబడి సెల్ఫీ దిగి, క్యాండీ క్యూ పెరుగుతోందని పరిగెత్తారు. ఇలాంటి రాళ్ల కింద కథలు చూడండి. అమెరికా ఆకాశాన్ని గుంపులతో కప్పేసిన ప్యాసింజర్ పావురాలు కోట్లకు కోట్లు. చివరిదైన మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో కన్నుమూసింది. 1918లో చిట్టచివరి కరోలినా చిలక చచ్చిపోయింది కూడా ఆ జూలోనే. 1936లో ఆస్ట్రేలియాలో ఆఖరి టాస్మేనియా పులి పోయిందీ హోబర్ట్ జూలోనే. అడవిలో మిగలనివ్వకుండా చేసి, ఒక్కటి మిగిలాక టికెట్ పెట్టి చూడటం మనిషికి బాగా వంటబట్టింది. న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. బైసన్లు నశించిపోయే దశలో ఉన్నప్పుడు, 1907లో పదిహేనింటిని రైలెక్కించి ఓక్లహామాకు పంపి జాతిని నిలబెట్టినవాళ్లలో ఈ బ్రాంక్స్ జూ వాళ్లూ ఉన్నారు.

ఆ బైసన్లను రైలెక్కించడానికి ముందు ఏడాదే ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. 1906 సెప్టెంబరులో కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ని కోతుల ఇంట్లో పెట్టి జనానికి చూపించారు. జనం విరగబడి వచ్చారు. నల్లజాతి పాస్టర్లు గొడవ చేస్తే గానీ అతన్ని బయటికి తేలేదు. జూను నడిపే సంస్థ దానికి క్షమాపణ చెప్పింది 2020లో. నూటపధ్నాలుగేళ్లు. తహసీల్దార్ ఆఫీసుల్లో కూడా ఫైలు అంతకాలం ఆగదు.

1963లో ఇదే జూ ఒక పని చేసింది. గొరిల్లాల ఇంట్లో ఊచల వెనక అద్దం బిగించి, పైన ‘ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన జంతువు’ అని రాసింది. తొంగి చూసినవాడికి తన మొహమే కనపడేది. హాలోవీన్ చరిత్రలో అంత చవకగా, అంత బాగా కుదిరిన వేషం ఇంకోటి లేదనుకుంటాను. ఈ కాలంలో ఆ అద్దం పెడితే దాని ముందూ జుట్టు సర్దుకుని సెల్ఫీ దిగుతారు.

“తాతా, ఆ శ్మశానంలో మీ ఊరి జంతువు ఉందా?” అని మనవడు అడిగాడు. ఉండాల్సింది, తప్పించుకుంది. మా కడప జిల్లా కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. పోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో, రాత్రిపూట, మా ముళ్లపొదల్లోంచి బతికే ఉన్నానంటూ బయటపడింది. ఎనభై ఆరేళ్ల తర్వాత సమాధిలోంచి లేచి వచ్చిన ఆ పక్షిని మించిన దెయ్యం ఏ జూలో ఉంటుంది? మనం బాగా మర్యాద చేశాం. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించాం, తర్వాత తెలుగుగంగ కాలువ పనులతో దాని ఇంటి మీదికే వెళ్లాం. పక్షుల శాస్త్రవేత్తలు గోల పెడితే కాలువ దారి మళ్లింది. పక్షి మాత్రం ముఖం చాటేసింది. 2025 ఆగస్టులో దాని కూత మాత్రం రికార్డయింది. కనపడకుండా కూయడమే మంచిదని దానికి అర్థమైనట్టుంది.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ ఇప్పుడు హాలోవీన్ జోరుగా సాగుతోంది. క్లబ్‌హౌస్‌కు ప్లాస్టిక్ సాలెగూళ్లు కడతారు. అసలు సాలెగూడు కనపడితే హౌస్‌కీపింగ్‌కు ఫోను చేస్తారు. వాళ్లకు దగ్గర్లోనే ఫ్యామిలీ ఫ్రెండ్లీ కాని ప్రదర్శన ఒకటి జరిగింది. 2025లో ఉగాది సెలవుల వేళ, కంచ గచ్చిబౌలిలో చెట్లున్న 400 ఎకరాల నేలలోకి రాత్రిళ్లు దీపాలు వేసుకుని, చదును చేసే యంత్రాలు దిగాయి. చెట్లు పడ్డాయి, నెమళ్లు అరిచాయి. ఆ అరుపులు నిజమైనవా, కృత్రిమ మేధ తయారుచేసిన వీడియోలా అని పెద్దల మధ్య వాదం నడిచింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. చీకటి, అరుపు, ఆ అరుపు ఉందో లేదో తేలకపోవడం. దెయ్యం కథకు కావాల్సిన దినుసులన్నీ ఉన్నాయి. క్యాండీ ఒక్కటే పంచలేదు.

కాబట్టి వచ్చే అక్టోబరుకు తల్లిదండ్రులకు నాదొక సలహా. కోరలు, కొమ్ములు, నల్లకోట్లు కొని డబ్బు తగలేయకండి. పిల్లాడికి పసుపు హెల్మెట్ పెట్టి, చేతికి కొలత టేపు ఇచ్చి, బొమ్మ జేసీబీ తోసుకుంటూ జూలోకి పంపండి. మనుషులు ముద్దొస్తున్నాడని బుగ్గ గిల్లుతారు. ఏ జంతువైనా బోనులో మూలకు నక్కితే మాత్రం, మొదటి బహుమతి ఎవరికివ్వాలో నిర్వాహకులకు ఇక సందేహం ఉండదు.