సీబీఐ వారి శ్రీముఖానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ వైపు కొలిచాలవాడు. ఆయన చేతికి రఘువంశం దొరికింది. మాకు వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ దొరికింది. ఎవరి ప్రాప్తం వారిది.

ఈ గ్రంథం కొన్నేళ్లుగా దేశమంతటా పారాయణంలో ఉంది. మూలం ఇంగ్లీషు, నడుమ నడుమ హిందీ. పత్రికల్లోనూ పోలీసుల ప్రకటనల్లోనూ కనబడే ప్రతులను పక్కపక్కన పెట్టి చూసి, ప్రక్షిప్తాలు ఏరేసి, తెలుగు చేసి ఈ పాఠాన్ని స్థిరపరిచాం. వ్యాఖ్యంతా గ్రాంథికంలో లాగించేద్దామని సరదా పుట్టింది గానీ, వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ వంశధార ఒడ్డునే, పర్వతాలపేటలో పుట్టారు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట, కళింగపట్నంలో కూర్చుని ‘చేయంబడియెన్’ అని రాయడానికి చెయ్యి రాలేదు. టీక మటుకు సంప్రదాయం కోసం పాత పద్ధతిలోనే ఉంచాం.

కావ్యానికి నాయకుడు కావాలి గనక, కళింగపట్నంలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారనుకుందాం. ధీరశాంతుడు. వయసు డెబ్బై దాటింది. కొడుకు బెంగళూరులో. పింఛను బ్యాంకులో పడుతుంది. సాయంత్రం పూట లైట్‌హౌసు దాకా నడక.

మూలము

“కేంద్ర దర్యాప్తు సంస్థ, న్యూఢిల్లీ. అత్యంత గోప్యము. మీ పేరిట, మీ ఆధార్ సంఖ్యపై, ముంబై నుండి తైవానునకు పంపబడిన అనుమానాస్పదమగు పార్సిల్‌లో 5 పాస్‌పోర్టులు, 3 క్రెడిట్ కార్డులు, 4 కిలోల బట్టలు, 140 గ్రాముల ఎండీఎంఏ లభించినవి.”

టీక: కేంద్ర దర్యాప్తు సంస్థ = 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టమువలన అధికారము గలదై, 1963 ఏప్రిల్ 1న ప్రస్తుత నామము దాల్చినదాని (పేరు వాడుకొనువారు అని శేషము); అత్యంత గోప్యము = ఎర్రని పెద్దక్షరములతో అచ్చువేయబడినదియు; మీ ఆధార్ సంఖ్యపై = లాడ్జీలలోను సిమ్ముల కొట్లలోను జెరాక్సు ఇచ్చి మరచిన సంఖ్యపై; ముంబై నుండి = మీరెన్నడును పోని ఊరినుండి; తైవానునకు = మీకు చుట్టములెవరును లేని దీవికి; ఎండీఎంఏ = మీరు పేరైనను వినని మందు; లభించినవి = దొరికినవి (ఎవరికి, ఎచట అనునది మూలమున లేదు).

పాఠాంతరాలు: ‘తైవాను’ ఉన్నచోట కొన్ని ప్రతుల్లో ‘ఇరాన్’, మరికొన్నింట ‘థాయ్‌లాండ్’. అర్థభేదం లేదు.

విశేషము: పాస్‌పోర్టులూ మత్తుమందూ ఉన్న పొట్లంలో నాలుగు కిలోల బట్టలెందుకని పూర్వ వ్యాఖ్యాతలు ఎవరూ అడగలేదు. మా మతం ప్రకారం పద్యమంతా నిలబడింది ఆ బట్టల మీదే. వట్టి మత్తుమందు దొరికిందంటే మాస్టారు నవ్వి ఫోను పెట్టేసేవారు. బట్టలు తూకం వేసి చెప్పేసరికి, ఎవరో నిజంగానే మూట విప్పి చూశారనిపిస్తుంది. అలంకారం స్వభావోక్తి. ఈ కవి చెయ్యి తిరిగినవాడు.

పొట్లం సంగతి పూర్తిగా కల్పితమని కొట్టేయడానికీ లేదు. విదేశాలకు పోయే, అక్కణ్నుంచి వచ్చే టపాను కస్టమ్స్‌వారు తనిఖీ చేస్తారు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం పోయి, 2024 జూన్ 18 నుంచి 2023 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అందులో తొమ్మిదో సెక్షను కింద దేశభద్రత వంటి కారణాలు చూపించి టపాను ఆపవచ్చు, విప్పవచ్చు. మత్తుమందు దొరికితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఎటూ ఉంది. ఇన్ని చట్టాల్లో ఎక్కడ వెదికినా, పంపినవాడికి వీడియో కాల్ చేసి కుర్చీలోంచి లేవొద్దని చెప్పమన్న సెక్షను లేదు.

ఇంకొక చమత్కారం. సీబీఐ ఒక రాష్ట్రంలో అడుగు పెట్టి దర్యాప్తు చేయాలంటే, పైన చెప్పిన 1946 చట్టం ఆరో సెక్షను ప్రకారం ఆ రాష్ట్రం సమ్మతి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సాధారణ సమ్మతిని ఉపసంహరించి, 2019లో తిరిగి ఇచ్చింది. అంటే అసలు సీబీఐ కొన్నాళ్లు ఇచ్ఛాపురం దగ్గర ఆగి అడగాల్సి వచ్చింది. నకిలీ సీబీఐకి ఏ గేటూ అడ్డం కాదు, సరాసరి మాస్టారి పడగ్గదిలోకే.

మూలము

“కావున మిమ్ము డిజిటల్ అరెస్టు చేయడమైనది. కెమెరా ఆపరాదు. గది విడువరాదు. ఈ సంగతి భార్యాపుత్రులకు సయితము తెలుపరాదు.”

టీక: అరెస్టు = భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను చొప్పున, మాటచేత గాని చేతచేత గాని మనిషి తానుగా లొంగనిచో, శరీరమును తాకి లేదా నిర్బంధించి పట్టుకొనుట; డిజిటల్ = తాకకయే; డిజిటల్ అరెస్టు = కుందేటి కొమ్ము, గొడ్రాలి కొడుకు.

తాత్పర్యము: ఓ మాస్టారూ! మిమ్మల్ని పట్టుకోవడం మావల్ల కాదు గనక, మిమ్మల్ని మీరే పట్టుకుని కూర్చోండి.

విశేషము: అలంకారం విరోధాభాసం. తలుపు గొళ్లెం లోపలివైపే ఉంది, వేసింది మాస్టారే, తియ్యగలిగింది ఆయనే, అయినా బందీ. అంగిరసం భయానకం. మాస్టారు తెలివితక్కువవారు గనక భయపడ్డారనుకునేవారికి ఒక్క ఉదాహరణ. లూధియానాలో వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ 2024లో ఇదే కావ్యం విన్నారు. ఆయనకు ఏకంగా సుప్రీంకోర్టు సెట్టింగు వేసి, ప్రధాన న్యాయమూర్తి వేషం కట్టించి చూపించారు. పోయింది 7 కోట్లు. వేలమందికి జీతాలిచ్చే మనిషికే గొంతు పెగలకపోతే, పింఛనుదారుడి సంగతి వేరే చెప్పాలా? అదే ఏడాది అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా దీని గురించే మాట్లాడి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత ఏదైనా చేయండి అన్నారు. ఆగడం దాకా జనానికి బాగానే వస్తోంది. మొదటి మెట్టు మీదే కెమెరా ముందు ఆగిపోతున్నారు.

ఇక ‘తెలుపరాదు’ అన్న క్రియ. కావ్యం మొత్తానికి ప్రాణం ఇక్కడుంది. ఎందుకంటే ఈ కవితకు మూడో మనిషి చెవిన పడితే మనుగడ లేదు. బందరువానిపేట నుంచి చేపలు తెచ్చే అప్ప కిటికీలోంచి తొంగి చూసిందనుకోండి.

“ఏటి మాస్టారూ, పొద్దున్నించీ తలుపు తియ్యనేదేటి? ఎవుల్తో మాటాడతన్నారు?”

మాస్టారు నోటి మీద వేలు పెట్టి, కాగితం మీద ‘సీబీఐ, పార్శిలు’ అని రాసి చూపిస్తారు. ఆమెకు చదువు రాదు. చదివి చెప్పాల్సొస్తుంది.

“మీకు పార్శిలేటి, ఆ తైవానేటి! పోస్టాపీసుదాకా నడవనేక పింఛను బేంకుకి మార్పించుకున్నోరు మీరు. ఆడెవుడో గుంటడు కూకోమంటే కూకున్నారా? నెగండి, ఈ రొయ్యలు పాడయిపోతాయి.”

ఇంతకంటె చక్కని ఖండన గ్రంథం మాకు కనబడలేదు.

మూలము

“మీ ఖాతాలలోని సమస్త ధనమును పరిశీలన నిమిత్తము రిజర్వు బ్యాంకు రహస్య ఖాతాకు పంపవలెను. నిర్దోషులని తేలిన పిమ్మట తిరిగి ఇవ్వబడును.”

టీక: రిజర్వు బ్యాంకు = మామూలు జనమునకు పొదుపు ఖాతాలు తెరువనిది; రహస్య ఖాతా = ఎవరో నిరుద్యోగి కమీషనుకు ఆశపడి అద్దెకిచ్చిన ఖాతా; పరిశీలన = ఆ ఖాతానుండి పది ఖాతాలకు, అచటనుండి క్రిప్టోలోనికి మార్చుట; తిరిగి ఇవ్వబడును = (కర్మణి ప్రయోగము. ఇచ్చు కర్త లేడు.)

దీనికి తాత్పర్యం అక్కర్లేదు. లెక్క చాలు. కేంద్ర హోంశాఖ లెక్కన, 2024 జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలల్లో ఈ ఒక్క ప్రక్రియ కింద జనం పోగొట్టుకున్నది 120 కోట్ల 30 లక్షలు. డబ్బు పంపేసినవారు సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఖాతాలు మారుతున్న తొలి గంటల్లోనే దాన్ని ఎక్కడో ఒకచోట ఆపగలిగేది. మర్నాడు కొడుకుతో ఆలోచించి చేద్దామంటే ఆపడానికి ఏమీ మిగలదు.

ప్రత్యుత్తర ప్రకరణము

నకిలీ శ్రీముఖానికి జవాబు రాయనక్కర్లేదు. కట్ చేయడమే జవాబు. అసలుది వస్తే ఏం చేయాలన్నదే ఈ ప్రకరణం. పూర్వవ్యాఖ్యలన్నీ ‘భయపడకండి’ అని ఇక్కడే ఆగిపోయాయి.

అసలు నోటీసుకు గద్య ఉంటుంది. పాత కావ్యాల్లో ఆశ్వాసం చివర కవి తన తండ్రి పేరు, గోత్రం, బిరుదు చెప్పుకున్నట్టే, ఇందులో స్టేషను, నేర సంఖ్య, సెక్షను, అధికారి పేరు, హోదా ఉంటాయి. సెక్షను చూసి ఆయన మిమ్మల్ని ఏమనుకుంటున్నాడో పోల్చుకోవచ్చు. పైన చెప్పిన నాగరిక సురక్షా సంహితలో 35(3) అంటే మీ మీదే అనుమానం, హాజరు కమ్మంటున్నారు. 179 అంటే సాక్షిగా, ఏదో తెలిసినవాడిగా పిలుస్తున్నారు. 94 అంటే కాగితమో వస్తువో తెమ్మంటున్నారు. మాస్టారిని 179 కింద పిలిస్తే ఇంకో సౌకర్యం ఉంది. 60 దాటిన మగవారిని, ఏ వయసు ఆడవారినైనా తమ నివాసం కాక ఇంకెక్కడికీ రమ్మనడానికి వీల్లేదు. పాత చట్టంలో ఆ వయసు 65. అంటే అధికారే కళింగపట్నం దాకా వచ్చి, మాస్టారి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి అడగాలి.

వాట్సాప్ మాటకొస్తే, 35 కింద ఇచ్చే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చింది. ఆ తీర్పు వచ్చిన కేసులో ఒక కక్షి సాక్షాత్తూ సీబీఐయే. కొన్ని రకాల కోర్టు సమన్లకు ఎలక్ట్రానిక్ దారి ఉంది గనక ఫోనులో వచ్చిన ప్రతిదాన్నీ చించి పారేసినట్టు ఊహించుకుని కూర్చోకూడదు. స్టేషనుకు వెళ్లి చూపించాలి. ఉత్తరం మీద ఉన్న నంబరుకు మటుకు ఫోను చేయరాదు. దొంగ చెప్పిన సాక్షి దొంగవాడే. సీబీఐకి విశాఖలో శాఖ ఉంది, గారలో పోలీసు స్టేషను ఉంది. నంబరు అక్కణ్నుంచి తెచ్చుకోవాలి.

జవాబు రాసేటప్పుడు ఆత్మకథ వద్దు. ‘మీ ఫలానా తేదీ నోటీసు ముట్టింది. అందులో చెప్పిన పార్సిల్ నేను పంపలేదు. నా ఆధార్ నకలు ఎవరి చేతిలో పడిందో నాకు తెలియదు. నా వయసు 71. మా ఇంటికి వచ్చి అడిగితే తెలిసినది చెబుతాను’ అంటే సరిపోతుంది. వకీలుకు చూపించి, నకలు ఉంచుకుని పంపాలి. పూర్వం రిజిస్టరు పోస్టు అనేవాళ్లం. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్లో అడిగితే రిజిస్ట్రేషను సదుపాయం అందులోనే ఉంది. రసీదు పారేయకూడదు.

నిజానికి కళింగపట్నానికి ఇవన్నీ నేర్పాలా? ఓడలు రావడం మానేసి దశాబ్దాలయినా, వాయుగుండం లేచిందంటే రేడియోలో ఈ రేవు పేరు, ఫలానా నంబరు ప్రమాద సూచిక అని వినబడాల్సిందే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ ఊరికి చేరువలోనే. అసలు హెచ్చరికకు నంబరుంటుంది, ఇచ్చిన ఆఫీసుంటుంది, వేళ ఉంటుంది, దండోరా ఉంటుంది. తుపాను వస్తోంది, పక్కింటివాళ్లకు చెప్పొద్దు అన్న వాతావరణ కేంద్రాన్ని ఇక్కడివాళ్లెవరూ ఎరగరు.

కవికాలాదులు

కవి ఎవరన్నది చివరిదాకా దాచాం. సీబీఐ పేర రాసే ఈ కవుల జాడ సీబీఐయే తియ్యాలని సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 1న ఆదేశించింది. ఆ పరిశోధన సాగుతుండగా మాకు తెలిసింది చెబుతాం.

2024 మే నెలలో విశాఖ పోలీసులు కొందరు ఉద్యోగాల ఏజెంట్లను పట్టుకున్నారు. కంబోడియాలో డేటా ఎంట్రీ కొలువని ఉత్తరాంధ్ర కుర్రాళ్లను తీసుకుపోయి, అక్కడి కంపెనీలకు అమ్మేశారన్నది అభియోగం. దిగీ దిగగానే పాస్‌పోర్టులు లాక్కుని, స్క్రిప్టు చేతికిచ్చి, స్వదేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించారు. ఆ స్క్రిప్టుల్లో పార్సిల్ కథ ఒకటి. ఆ రోజు టార్గెట్ పూర్తి కాకపోతే తిండి లేదు, దెబ్బలు ఉన్నాయి. మే 20న అక్కడి సిహనౌక్‌విల్‌లో మూడొందలమంది దాకా భారతీయులు తిరగబడ్డారు. ఆ తర్వాత జట్లు జట్లుగా విశాఖ విమానాశ్రయంలో దిగారు. వేరావల్ పడవల మీదికీ, చెన్నై కట్టడాల మీదికీ వలసపోవడం అలవాటున్న జిల్లాలివి. ఇది ఇంకో వలస అనుకుని వెళ్లారు.

ఈ చారిత్రక నేపథ్యంలో మూలాన్ని మళ్లీ చదివితే అన్వయం మారుతుంది. అయిదు పాస్‌పోర్టులు దొరికాయని రాసినవాడి పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనో ఉంది. గది విడువరాదు, ఎవరికీ తెలుపరాదు అన్నవి ఆ కుర్రాడికి పెట్టిన షరతులే. అరెస్టు అన్నమాట ఈ కావ్యంలో ఒక్కరికే వర్తిస్తుంది, ఆ ఒక్కరూ మాస్టారు కాదు. అందరూ ఇలాంటి వాళ్లేనని మేము అనం. కమీషను లెక్కపెట్టుకుని నవ్వేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరో ఫోనులో తెలియదు.

చేపలప్ప వెళ్లాక మాస్టారు ఫోను వైపు తిరిగారనుకుందాం. రెండు గంటలుగా ఖాకీ చొక్కాలో హిందీ మాట్లాడుతున్న ఆఫీసరుకు సహనం పోయింది. “ఏటి మాస్టారూ, ఎంతసేపూ?” అన్నాడు.

“ఏ ఊరు బావూ నీది? ఏ బళ్లో చదివినావు?”

లైను తెగింది. 1930కి చేసి ఫిర్యాదు చెబుతుంటే, అవతలివాడు ఏ భాషలో మాట్లాడాడని అడిగారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదట హిందీ, ఆఖర్న శ్రీకాకుళం అని రాయించారు.