అటక మీది అణుబాంబు

మన ఇళ్లలో పాత వస్తువేదైనా బయటపడితే ముందు దాని ధర తెలుస్తుంది, పేరు తర్వాత. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇప్పుడు ఆ సోమలింగానికి పెళ్లి సంబంధాలు కూడా వచ్చేస్తున్నాయి. అటక దులుపుతుంటే పాత రేడియోలోంచి గాజు బుడ్డి ఒకటి రాలుతుంది. బావమరిది దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కాఫీ చల్లారకముందే తీర్పు వస్తుంది: "రెడ్ మెర్క్యురీ బావా! కోటికి తక్కువైతే ఇవ్వొద్దు."

ఎర్ర పాదరసం అనే ఈ దివ్యపదార్థం సోవియట్ యూనియన్ చివరి రోజుల్లో ప్రచారంలోకి వచ్చిన పుకారు. చిటికెడు ఉంటే చాలు, చేతిసంచీలో పట్టే అణుబాంబు తయారవుతుందన్నారు. అమ్ముతామన్నవాళ్లు లెక్కలేనంతమంది, కొంటామన్నవాళ్లూ ఉన్నారు, సరుకే లేదు. అలాంటిదేదీ లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పేసింది. దాన్ని కొనబోయారని లండన్‌లో ముగ్గురి మీద కేసు పెడితే 2006లో జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. నిజంగా ఎర్రగా ఉండే పాదరస సమ్మేళనం ఒకటుంది, ఇంగిలీకం. పేలదు. అందుకే దానికి గిరాకీ లేదు.

2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారు పాత సింగర్ కుట్టుమిషన్లలో దూరింది. సూది దగ్గర సెల్‌ఫోన్ పెడితే లైను తెగిపోవాలట, తెగితే లోపల సరుకున్నట్టే. జనం సంతల్లో మిషన్ల చుట్టూ ఫోన్లు పట్టుకుని ప్రదక్షిణలు చేశారు. నిన్నటిదాకా ఎవరికీ అక్కర్లేని మిషనుకు వేల రియాళ్లు పలికాయి. పోత ఇనుమూ నూనే తప్ప ఇంకేమీ లేని యంత్రంలో పాదరసం ఎక్కడ పోస్తారని దర్జీని ఒక్కమాట అడిగినవాడు మాత్రం ఉన్నట్టు లేదు.

మనవాళ్లు పరీక్షల్లో ఇంకో మెట్టు పైనున్నారు. వీడియోల్లో చూపించే విధానం ఇదీ: అసలు సరుకైతే అద్దంలో కనిపించదు, బంగారం దగ్గర పెడితే దానివైపు పరుగెడుతుంది, వెల్లుల్లి పెడితే పారిపోతుంది. అద్దంలో కనిపించకపోవడం, వెల్లుల్లి పడకపోవడం డ్రాకులా లక్షణాలు. బంగారం వైపు పరుగెత్తడం మన అందరి లక్షణం. ఈ మూడూ కలిస్తే రసాయనశాస్త్రం ఎలా అయిందో నాకు అంతుపట్టదు. భాభా అణుపరిశోధన కేంద్రంలో వెల్లుల్లి పాయలు ఏ అల్మరాలో దాస్తారో ఎవరైనా కనుక్కోవాలి.

సరే, ఆ గాజు బుడ్డినే చేతిలోకి తీసుకుని చూద్దాం. బొటనవేలంత పొడుగు. అడుగున తొమ్మిది సన్నని కాళ్లు. లోపల బూడిదరంగు రేకు గొట్టం, దాన్ని కదలకుండా పట్టుకున్న రెండు అభ్రకం బిళ్లలు. పైన నెత్తి మీద లోపలివైపు అద్దంలా మెరిసే వెండి మచ్చ. ఆ మచ్చను చూసే పాదరసమని అరుస్తారు. అది బేరియం. ఈ బుడ్డి రేడియో వాల్వు; అందులోంచి గాలి తోడేశాక మిగిలిన కాస్త వాయువునూ పీల్చడానికి ఫ్యాక్టరీలో వేడిచేసి పూయించిన పూత. గాజు పగిలి గాలి చొరబడితే ఆ వెండి మచ్చ పాలలా తెల్లబడిపోతుంది. బేరం కుదుర్చుతానని వచ్చిన బ్రోకరు అప్పుడు కూడా తడుముకోడు, "చెయ్యి జారింది కదన్నా, పవర్ ఎగిరిపోయింది" అంటాడు.

కళ్లజోడు పెట్టుకుని చూస్తే గాజు మీద అరిగిన అక్షరాలు కనిపిస్తాయి, ఇ.ఎల్. 84 అనో ఇంకోటనో. అదే దాని పేరు, ఊరు. రేడియోలో పాటను స్పీకరుదాకా మోసుకెళ్లిన కూలీ అది. బతికుంటే గిటార్ ఆంప్లిఫయర్ల వాళ్లు ఇప్పటికీ వందలో వేలో ఇచ్చి కొంటారు. ఈ మాట చెబితే ఇంట్లోవాళ్లు ముఖం ముడుచుకుంటారు. కోటి ఆశపడ్డవాడికి ఎనిమిది వందల నిజం చెప్పడం దుర్మార్గం కదా. ఒకప్పుడు వీధి చివర రేడియో మెకానిక్ బీడీ నోట్లోంచి తీయకుండానే ఈ దుర్మార్గం చేసేవాడు. ఆ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల దుకాణం.

షట్టర్ టీవీల సంగతి ఇంకా ఘోరం. చెక్కపెట్టె, పక్కలకు జరిగే తలుపులు, ఆ రోజుల్లో దానికి బొట్టు కూడా పెట్టేవాళ్లం. ఆమధ్య వాటి కోసం ఊళ్లు గాలించారు, లోపలి సరుకు కోసం విప్పి పడేశారు. పిక్చర్ ట్యూబు 10,000 వోల్టులకు పైబడిన విద్యుత్తు మీద పనిచేసేది, ఆపేశాక కూడా కొంత ఛార్జి దాచుకునేది. సుత్తితో కొడితే గాజు ముక్కలు ముఖానికి వస్తాయి. లోపల దొరికేది శూన్యం, అచ్చంగా శూన్యమే. అంత నిజాయితీ బ్రోకరులో కూడా ఉండదు.

బ్రోకరు ఎప్పుడూ కొనడు, గమనించారా? కొనిపిస్తాడు. కొనేవాడు విదేశాల్లో ఉంటాడు, మధ్యలో టెస్టింగ్ చార్జీలు మాత్రం మనవి. బియ్యం లాగే రాగి చెంబు, అదే రైస్ పుల్లింగ్, దీనికి అన్నగారు. పిడుగు పడ్డ రాగి వస్తువులో ఇరీడియం ఉందనీ నాసా కొంటుందనీ చెప్పి 2018లో ఢిల్లీలో ఒక వ్యాపారి దగ్గర కోటి 43 లక్షలు లాగిన తండ్రీకొడుకులను పోలీసులు పట్టుకున్నారు. రేడియేషన్ తగలకుండా వెండిరంగు సూట్లు కూడా చూపించారు. ఆ రాగి బియ్యాన్ని లాగిందో లేదో గానీ డబ్బును మాత్రం బాగా లాగింది.

ఆ వ్యాపారి ఫిర్యాదు చేశాడు కాబట్టి లోకానికి తెలిసింది. మన అటకల బాధితులకు ఆ దారీ కష్టమే. స్టేషన్‌కు వెళితే రైటరు కాగితం ముందు పెట్టుకుని మొదట అడిగేది ఒకటే: "ఏం అమ్మబోయావయ్యా?" అణుబాంబు ముడిసరుకని రాయించాలి మరి.