పక్క పరిచినా పనిచేయాలి

మన మధ్యతరగతికి ఈ మధ్య కొత్త మోక్షమార్గం ఒకటి దొరికింది. పరాయి దేశంలో వ్యాను అద్దెకి తీసుకోవడం, ఆలుమగలిద్దరూ అందులోనే వండుకుని అందులోనే పడుకోవడం, తిరిగొచ్చాక "అన్నీ వదిలేసి స్వేచ్ఛగా బతికాం" అని ఊరందరికీ చెప్పడం. కాశీకి వెళ్లొచ్చినవాళ్లు కనీసం ఒక కాయో పండో వదిలేసి వచ్చేవాళ్లు. వీళ్లు ఏం వదిలేశారని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

మా మేనల్లుడూ వాడి భార్యా న్యూజిలాండ్ దక్షిణ దీవి చుట్టొచ్చారు. "హోటళ్లు లేవు, రూల్సు లేవు మావయ్యా. ఎక్కడ నచ్చితే అక్కడ ఆగిపోవడమే" అన్నాడు వాడు. ఆ ఆగడం కోసమే అక్కడి పార్లమెంటు 2011లో ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం చేసింది. ఎక్కడ ఆగొచ్చో, ఎక్కడ ఆగకూడదో, ఎన్ని రాత్రులుండొచ్చో ఊరూరా కౌన్సిళ్లు కట్టడి చేసుకోవచ్చు. అది చాలదన్నట్టు 2023లో ఇంకో చట్టం వచ్చింది. కౌన్సిల్ స్థలంలో పైసా కట్టకుండా రాత్రి గడపాలంటే, మామూలుగా వ్యానులో మరుగుదొడ్డి బిగించే ఉండాలి. సీటు కింద దాచి అవసరానికి బయటికి లాగే డబ్బా చెల్లదు. మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన 3 రోజులకి సరిపడా మంచినీళ్లు, సింకు, వాడిన నీళ్లకి ట్యాంకు, మూత ఉన్న చెత్తబుట్ట, అన్నీ ఉంటేనే ఆకుపచ్చ వారంటు ఇస్తారు. ఈ వ్యవహారమంతటికీ పెద్దదిక్కు ప్లంబర్లు, గ్యాస్ ఫిట్టర్లు, డ్రైనేజీ పనివాళ్ల బోర్డు. సన్యాస దీక్ష ఇచ్చే పీఠాలు మనకి చాలానే ఉన్నాయి గానీ, ప్లంబర్ల చేతుల మీదుగా వైరాగ్యం పుచ్చుకోవడం మా వంశంలో వీడితోనే మొదలు.

అందులో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. రాత్రి పక్క పరిచేశాక కూడా ఆ మరుగుదొడ్డి వాడుకునేలా ఉండాలి. తల తగలకూడదు, మోచేతులు ఆడాలి. చట్టం రాసినాయన పెళ్లయినవాడై ఉంటాడు.

ఎందుకంటే అసలు సంగతి మా కోడలు నోరు విప్పాకే తెలిసింది. ఆ వ్యానులో మంచం వేరు, బల్ల వేరు కాదు. పొద్దున్నే పరుపు ముక్కలు విడదీసి, పలకలు తీసి, కాలు బిగిస్తే అది బల్ల. రాత్రికి మళ్లీ అదే మంచం. కుక్కర్ కావాలంటే బ్యాగు తియ్యాలి, బ్యాగు తియ్యాలంటే పరుపెత్తాలి, పరుపెత్తాలంటే మొగుణ్ణి లేపాలి. ఆయనగారు లేచి, కాఫీ గ్లాసు పట్టుకుని, కొండల వైపు చూస్తూ స్వేచ్ఛ అనుభవిస్తారు. వానొస్తే ఆ స్వేచ్ఛ కూడా లోపలికొచ్చి పొయ్యికి అడ్డంగా కూర్చుంటుంది.

అయ్యో, వాడికీ ఒక పని పడిందిలెండి. మరుగుదొడ్డి డబ్బా నిండితే డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి ఒంపిరావాలి. హైదరాబాదు ఫ్లాటులో బాత్రూము బకెట్టు ఇటునుంచి అటు జరపని మహానుభావుడు, చక్రాల డబ్బాని విమానాశ్రయంలో సూట్‌కేసులా ఈడ్చుకుంటూ వెళ్లి, మూత తిప్పి, ముఖం తిప్పుకుని గుమ్మరించాడట. వందల ఫోటోలు తీసుకున్నారు కదా, అదొక్కటీ ఏదిరా అంటే ఫోనులో ఛార్జింగ్ లేదన్నాడు. ఛార్జింగ్ ఎందుకు లేదో నాకర్థం కాలేదు. చాలా రాత్రులు డబ్బు కట్టి మరీ కరెంటు ప్లగ్గు ఉన్న చోటే ఆగారు.

ప్రకృతికి దగ్గరగా వెళ్లామన్నది ఇంకో మాట. ఆ ప్రకృతికి వీళ్ల మీద అంత ప్రేమ ఉన్నట్టు కనపడదు. విమానం దిగగానే గుడారం, బూట్లు చూపించమంటారు. పరాయి మట్టి అంటుకుని ఉంటే అదే చెప్పుకోవాలి. తిండి పదార్థాలు దాచి దొరికిపోతే 400 డాలర్ల జరిమానా. కందిపొడి, ఆవకాయ, కరివేపాకు పొడి అని కాగితం మీద ఒక్కొక్కటే రాసింది కూడా కోడలే. అన్నీ వదిలేసిన మనిషి అప్పుడు వెనకాల నిలబడి వీడియో తీసుకుంటున్నాడు.

ఇక టె అనౌ నుంచి మిల్‌ఫోర్డ్ సౌండ్ దాకా సుమారు 120 కిలోమీటర్ల దారి. అందం గురించి వేరే చెప్పక్కర్లేదు, నిజంగా గొప్పదే. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడే చోటు. అక్కడ నల్లటి చిన్న ఈగలుంటాయి, శాండ్‌ఫ్లైలు. చర్మాన్ని కొరికి నెత్తురు తాగుతాయి, వారం దాకా దురద వదలదు. 1773లో అటుగా ఓడ మీద వచ్చిన కెప్టెన్ కుక్ కూడా వీటి గురించి వాపోయాడు. మావోరీల కథ ప్రకారం, ఇంత అందం చూస్తే మనుషులు ఇక్కడే తిష్ట వేస్తారని భయపడి మృత్యుదేవత హినె-నుయి-తె-పో వీటిని వదిలిపెట్టిందట. అమ్మవారి ఆలోచన ఫలించింది. గుడారం వేసి చుక్కలు చూస్తామన్నవాళ్లు పది నిమిషాల్లో వ్యానులోకి దూరి అద్దాలెత్తేసుకున్నారు. చుక్కలైతే కనపడ్డాయి.

ఫోటోల గోల సరేసరి. వానాకా సరస్సు నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ విల్లో చెట్టు, దాని ముందు వెనక్కి తిరిగి నిలబడ్డ జంట. "మేమిద్దరం, ఆ చెట్టు, అంతే" అని వ్యాఖ్య. ఆ ఏకాంతం కోసం ఒడ్డున ఫోన్లు పట్టుకుని ఎంతమంది వంతు కోసం చూస్తుంటారో వెళ్లినవాళ్లకి తెలుసు. అందరూ ఇవే ఫోటోలు దిగుతుంటే విసుగెత్తి, అక్కడి పర్యాటక సంస్థ టూరిజం న్యూజిలాండే 2021లో వీటిని ఎగతాళి చేస్తూ వీడియో ప్రచారం నడిపింది. రండి రండి అని పిలిచే కొట్టువాడే నవ్వాడంటే సరుకు సంగతి అర్థం కావాలి.

వాళ్లొచ్చిన వారానికి మా అక్క మేడారం మాటెత్తింది. రెండేళ్లకోసారి జాతరకి లక్షల మంది ములుగు అడవిలోకి తరలివెళ్లి, జంపన్నవాగు చుట్టూ గుడారాలు వేసుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద కోడికూర వండుకుని, చెట్ల కింద పడుకుంటారు. వారంటు అడిగేవాడు ఉండడు. "ఈసారి మీరూ రండిరా, నాలుగు రోజులుండొద్దాం" అంది. మా వాడు తల్లి వైపు జాలిగా చూశాడు.

"అక్కడ బాత్రూములు ఎలా ఉంటాయమ్మా?"

వాడికి వీలు కూడా లేదులెండి. ఈసారి ఐస్‌లాండ్ అట. అక్కడ అద్దె బండికి గాలిలో ఎగిరే ఇసుక, బూడిద గీతలు పెడితే విడిగా బీమా ఉంటుంది. కట్టేశాడు. కోడలు మాత్రం ఒక్క షరతు పెట్టింది, ఈసారి ఆ డబ్బా ఒంపేటప్పుడు వీడియో తను తీస్తుందట.