గాలికి పర్మిషన్ అక్కర్లేదు

గాలిలో దీపం పెట్టి దేవుడి మీద భారం వేయడం మన పద్ధతి. గాలితోనే దీపం వెలిగించి, దానికి మీటరు బిగించి, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకోవడం సూరత్ పద్ధతి. అందుకే వాళ్లు చీరలు అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

తులసీ తంతి అని రాజ్‌కోట్ ఆయన. సూరత్‌లో బట్టల వ్యాపారం పెట్టుకున్నాడు. ముడిసరుకు తర్వాత పెద్ద ఖర్చు కరెంటు బిల్లే అయింది, అది కూడా ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని కరెంటుకి. మనమైతే సబ్‌స్టేషన్ ముందు ధర్నా చేసేవాళ్లం, కాదంటే లైన్‌మన్‌ని మంచి చేసుకునేవాళ్లం. ఆయన రెండు గాలిమరలు కొన్నాడు. 1995లో సుజ్లాన్ కంపెనీయే పెట్టేశాడు. 2022 అక్టోబరులో ఆయన కన్నుమూస్తే పత్రికలన్నీ ‘పవన విద్యుత్ పితామహుడు’ స్థాయిలో రాశాయి. తప్పేం లేదు. గుజరాత్ గాలిమరల సామర్థ్యం 2024 నాటికి 11 వేల మెగావాట్లు దాటింది మరి.

ఈ వ్యాపారంలో అసలు కిటుకు ఒకటుంది. మర మిల్లు పక్కనే ఉండనక్కర్లేదు. గాలి ఎక్కడో వీస్తుంది, బిల్లు ఇంకెక్కడో తగ్గుతుంది. మధ్యలో ఊళ్లుంటే వాటి మీదుగా వైర్లు పోతాయి.

సూరత్‌లో మనవాళ్లకేం కొదవ లేదు. లింబాయత్ వైపు వెళితే తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు బోలెడు. మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం చదువు కూడా చెప్పిస్తోంది. సాంచా (మరమగ్గం) ఆగితే కూలి ఆగే ఆ గల్లీల్లో నిలబడి ‘గాలి కరెంటు వద్దు’ అన్నవాణ్ణి టీ ఇవ్వకుండానే పంపించేస్తారు. నేను అనను కూడా. పాండేసరాలో అద్దకం మిల్లుల బొగ్గు బాయిలర్ల పొగ పీల్చినవాడెవడూ గాలిమరను తిట్టడు. బొగ్గు కంటే గాలి వెయ్యి రెట్లు నయం. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదని మనవి.

నా పేచీ అంతా గాలికి మన సర్కారు రాసిచ్చిన క్యారెక్టర్ సర్టిఫికెట్‌తోనే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో థర్మల్ కేంద్రాలున్నాయి, జలవిద్యుత్తుంది, గనులున్నాయి, పెద్ద పెద్ద భవనాలున్నాయి. గాలిమరలు లేవు. ఊళ్లో భారీ అపార్ట్‌మెంట్ల సముదాయం కట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి. కొండ పొడవునా మరలు పాతాలంటే ఆ అక్కరే లేదు. ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేయాలా, కుర్చీలు అద్దెకు తేవాలా, పోలీసులను పిలవాలా? ఎంత ఆదా!

ఆ ఆదా ఎవరి ఖాతాలో పడిందో చూడాలంటే సూరత్ వదిలి ఉమ్మడి అనంతపురం జిల్లాకి రావాలి. ముష్టికోవెల, కోగిర చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి 1990ల నుంచి బోడికొండలను కాపాడుకుంటూ వచ్చారు. వేసవిలో మంటలు రేగితే ఆర్పారు, చెట్టు కొట్టకుండా కాపలా కాశారు. ఏడు వేల ఎకరాలకు పైచిలుకు నేల. ఈత చెట్లొచ్చాయి, బోదగడ్డి మొలిచింది, గొర్రెలకు మేత దొరికింది, కిందికి నీళ్లు దిగాయి. దానికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బీడే. మన రెవెన్యూ శాఖకు జ్ఞాపకశక్తి ఎక్కువ, కంటిచూపు తక్కువ.

ఆ బీడు మీదికే నల్లకొండ ప్రాజెక్టు వచ్చింది. 63 మరలు, 50.4 మెగావాట్లు. మరలు ఎనర్కాన్ కంపెనీవి; ఈ పాపం సూరత్ ఆయన ఖాతాలో రాయకండి. మర అంటే నాలుగడుగుల గుంతలో నిలబెట్టే స్తంభం అనుకునేవారికి చిన్న వివరం. ఒక్కో రెక్కే దాదాపు 25 మీటర్లు. మడవడానికి లేదు, ముక్కలు చేయడానికి లేదు. అంత పొడుగు బండి మలుపు తిరగాలి. కొండ పక్కకు జరగదు కాబట్టి కొండనే కోస్తారు. కోసిన మట్టీ రాళ్లూ వాలు పట్టుకుని కిందికి దొర్లుతాయి. వంక పూడుతుంది. వంక పూడితే చెరువుకు నీళ్లు రావు. రెక్క పైన తిరుగుతుంటే ఫొటోలో ఇదేదీ పడదు, ఎందుకంటే ఫొటోగ్రాఫరు ఎప్పుడూ పైకే చూస్తాడు.

అక్కడ ఇలాంటి సంభాషణ జరిగే ఉంటుందని నా ఊహ.

“సార్, ఇంగ గొర్రెలు యాడ మేపుకోవాల?”

“మర కిందే మేపుకో పెద్దాయనా. ఇదంతా భూమి వేడెక్కకుండా చేసే పని. దీనికి కార్బన్ క్రెడిట్లు కూడా వస్తాయి.”

“ఎవురికి సార్?”

“కంపెనీకి.”

“చెట్లు పెంచింది మేము గదా సార్?”

“చెట్లది వేరే పథకం. దరఖాస్తు పెట్టుకో.”

మరల మీద ఆ ఊళ్లవాళ్లు పెట్టుకున్న దరఖాస్తు 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి చేరింది. అదే ఏడు ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు గాలిమరలకు కూడా పర్యావరణ అంచనా ఉండాలని లెక్కలు వేసి మరీ చెప్పారు. సర్కారు విన్నది. వినడం వరకే దాని బాధ్యత.

నష్టపోయినవాళ్ల సంగతే చెబితే ఏకపక్షం అంటారు. లాభపడినవాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలో సతారా దగ్గర చాల్కేవాడి పీఠభూమి మీద మరలున్న చోట వేటాడే పక్షులు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయనీ, తినేవాళ్లు లేక తొండలు పెరిగాయనీ 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. తొండలకు ఓటుంటే పవన విద్యుత్ విధానానికి తిరుగే ఉండదు. కచ్‌లో బట్టమేకపిట్టకు ఆ అదృష్టం లేదు. వైర్లు తగిలి చస్తోందని సుప్రీంకోర్టు 2021లో వాటిని భూమిలో పాతమంది. అది కుదిరే పని కాదని కేంద్రం మొరపెట్టుకుంటే 2024లో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. కమిటీ నివేదిక వచ్చేదాకా పిట్ట కాస్త కిందికి ఎగరాల్సి వచ్చింది.

ఇంతకీ మన సర్కార్లకు గాలిమరల్లో తప్పు ఎప్పుడూ కనిపించలేదనుకోకండి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి హఠాత్తుగా కనిపించింది. కొండ కోసినందుకా? కాదు. వంక పూడినందుకా? అదీ కాదు. యూనిట్‌కి 4.84 రూపాయలు చాలా ఎక్కువట. 2.43 ఇస్తామంది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. ఒప్పందం ప్రకారం పూర్తి ధర కట్టాల్సిందేనని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. కంపెనీ చేతిలో పాతికేళ్ల ఒప్పంద పత్రం ఉంది కాబట్టి గెలిచింది. గొర్రెల కాపరి చేతిలో కర్ర మాత్రమే ఉంది.

కేంద్ర పర్యావరణ శాఖ వారికి ఒక విన్నపం. ఆ 2006 నోటిఫికేషన్‌లో గాలిమరలకు ఒక్క వరుస చోటివ్వండి. క్రేన్ కొండెక్కే ముందు ఆ ఊరి సభ పెట్టించండి. మర తిరిగినన్నాళ్లూ యూనిట్‌కి ఇన్ని పైసలని పంచాయతీ ఖాతాలో వేయించండి. లెక్క కట్టడం రాకపోతే సూరత్ మనిషినెవరినైనా అడగండి, పది నిమిషాల్లో చెప్పేస్తాడు.