వెల్లుల్లి ఒలిచేదెవరు?

పోయిన నెల ఓ ఆదివారం మా ఆయన వంటింట్లోకి వచ్చారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మంచినీళ్లకు తప్ప అటు రాని మనిషి, గ్యాసు గానీ లీకవుతోందా అని కంగారుపడ్డాను. కళ్లద్దాలు సర్దుకుని, అల్లం వెల్లుల్లి పేస్టు డబ్బా తిప్పి వెనకాల చదవడం మొదలెట్టారు. "ఐఎన్ఎస్ 330. ఐఎన్ఎస్ 415. ఐఎన్ఎస్ 211. ఇది తిండా, రైళ్ల టైంటేబులా?"

330 అంటే నిమ్మ ఉప్పేనండీ, మా అమ్మ కూడా వాడేది అన్నాను. వినలేదు. పావుగంటలో పేస్టు, సాసు, సూపు పొడి, పిల్లాడి నూడుల్సు అన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఆ సరుకు కొన్నది నా జీతంతోనే, అది వేరే సంగతి.

రాత్రి భోజనాల దగ్గర పాఠం. బ్రెజిల్‌లో సావ్ పాలో విశ్వవిద్యాలయం ప్రొఫెసరు కార్లోస్ మాంటేరో గారు తిండిని నాలుగు గుంపులు చేశారట. బియ్యం, పప్పు, కూరగాయలు మొదటిది. నూనె, ఉప్పు, బెల్లం రెండోది. ఊరగాయల్లాంటివి మూడోది. మన వంటింట్లో ఏ డబ్బా వెతికినా కనబడని సరుకుతో ఫ్యాక్టరీలో తయారయ్యేది నాలుగోది. "ఆవకాయ మూడోదే" అని మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ప్రొఫెసరు గారు దాన్ని పొరపాటున నాలుగో గుంపులో వేసివుంటే ఈ ఉద్యమం ఆ రాత్రే, పెరుగన్నం దగ్గర, ముగిసిపోయేది.

ఆయన చెప్పింది తప్పని నేననను. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలో ఉంచి, రెండు వారాలు నాలుగో గుంపు తిండి, రెండు వారాలు అచ్చమైన తిండి పెట్టి చూసింది. ఎదుట పెట్టినదాంట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటా సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు మనిషికి రోజూ దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ దిగాయి. మా ఆయన ఇంతవరకే చదివారు. నేను మిగతాదీ చదివాను. వారం సరుకుల ఖర్చు ఫ్యాక్టరీ తిండికి 106 డాలర్లయితే, అచ్చమైన తిండికి 151. పైగా తిన్న 20 మందిలో ఎవరూ ఒక ఉల్లిపాయ కూడా తరగలేదు. వండిపెట్టింది అక్కడి వంటశాల సిబ్బంది. జీతానికి.

మా ఇంటి ప్రయోగంలో ఆ ఖర్చు మిగిలింది.

పావుకిలో నాటు వెల్లుల్లి ఎప్పుడైనా ఒలిచారా? రెబ్బ చిటికెనవేలి గోరంత ఉంటుంది, పొట్టు మాత్రం దాన్ని కన్నబిడ్డలా కరుచుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో వేసినా పదింటికి నాలుగు మొండికేస్తాయి. గోళ్ల కింద మంట. చెయ్యి ఎన్నిసార్లు కడిగినా మర్నాడు ఆఫీసులో కన్ను నలుపుకుంటే నీళ్లు ధారగా కారతాయి, పక్క సీటావిడ "ఇంట్లో ఏమైనా గొడవా?" అని గుసగుసగా అడుగుతుంది. ఏం చెప్పను? పెద్ద గొడవే, బ్రెజిల్‌లో మొదలైంది.

ఇడ్లీ సంగతికొస్తే, ఆయనకది పొద్దున ఎనిమిదింటికి ప్లేటులో పుడుతుంది. నాకు ముందురోజే నొప్పులు మొదలవుతాయి. మినపప్పు నానాలి, రుబ్బాలి, రవ్వ కడిగి పిండాలి, కలిపి పెడితే తెల్లారేసరికి పొంగాలి. చలికాలం పొంగకపోతే సంజాయిషీ నాది. వీధి చివర రుబ్బిన పిండి అమ్ముతారు, తెద్దామన్నాను. నిషేధం! బియ్యం, మినపప్పు, ఉప్పు తప్ప అందులో మరేమీ లేదని, మాంటేరో గారి లెక్కలో కూడా అది నాలుగో గుంపు కాదని వాదించాను. "ఎంతైనా ఇంటిది ఇంటిదే" అన్నారు. మా వైపు ఇంటిది అంటే పెళ్లామని కూడా అర్థం. నిజమే, ఆ పిండికీ ఈ పిండికీ తేడా అదొక్కటే.

మా ఆయన ఒక్కరే అయితే సర్దుకుపోదును. 2024లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వే ఉంది. ఇంటిపనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లకు రోజుకు 289 నిమిషాలు అందులోనే పోతున్నాయి, మగవాళ్లకు 88. మరీ తక్కువేం కాదే అని మురిసిపోకండి, అది చెయ్యి పెట్టినవాళ్ల లెక్క. అలాంటి మగవాళ్లు నూటికి 27 మంది. మిగతా 73 మంది నిలబడి లేబుళ్లు చదువుతున్నారు కాబోలు.

వేదికలెక్కి "మా అమ్మమ్మ కాలంలో ఈ రోగాలున్నాయా?" అని గర్జించే పెద్దమనుషులకు అమ్మమ్మ చేతి పప్పుచారు గుర్తుంటుంది. ఆవిడ నాలుగింటికి లేచేదన్న సంగతి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తినేదన్న సంగతి గుర్తుండవు. కంపెనీలవాళ్లు ఇంకా ఘనులు, అదే అమ్మమ్మ బొమ్మను పాకెట్టు మీద అచ్చేసి, ఆవిడ పప్పుచారులో 415 నంబరు జిగురు కలిపి అమ్ముతారు. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పాకెట్ల ముఖాన ఎనిమిది మూలల నల్ల ముద్ర కొడుతోంది. మన ఆహార ప్రమాణాల సంస్థ 2022 ముసాయిదాలో అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా ఇద్దామంది. దొంగకు వాళ్లు వాత పెడితే, మనవాళ్లు మార్కులేద్దామన్నారు. ఏలినవారి పని అంతటితో సరి, ఇక దేశ ఆరోగ్యాన్ని కాపాడవలసింది భూతద్దంతో, అట్లకాడతో నేను.

మొన్న శనివారం మా అపార్ట్‌మెంటు సంఘంలో మా ఆయన ఉపన్యాసం, "ఇంటి వంటే మందు" అని. మూడింటికి వంటింటి గుమ్మంలో నిలబడి నసిగారు. "ముప్పై మంది వస్తున్నారోయ్. బిస్కెట్లు పెడితే బాగుండదు. నాలుగు గారెలు వేస్తే..."

"పప్పు నానబెట్టే ఉంది, రుబ్బి ఇవ్వండి. నూనె నేను పెడతాను" అన్నాను.

ఆయన గ్రైండరు వంక చూశారు. స్విచ్చెక్కడుందో వెతికారు. గడియారం చూసుకున్నారు. ఉపన్యాసానికి పాయింట్లు రాసుకోవాలంటూ వెళ్లిపోయారు.

సభలో బిస్కెట్లే పెట్టారట. ముప్పై మందీ తలా రెండు తిన్నారట. పాకెట్టు వెనక్కి తిప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరట.