నేను 396వ వాణ్ణి

విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాను. ఒక్కో ఓవెన్ ఏడు మీటర్ల ఎత్తు. ఆ సెగలో నిలబడి కొత్త కుర్రాళ్లకి నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: "డ్రమ్ము మీద ఏం రాసుందో చదవకుండా మూత ముట్టుకోకు." అంత చెప్పినవాణ్ణి, వేలెడంత సీసా మీద నాలుగు అక్షరాలు చదవకుండా మా బుజ్జి చెవిలో ఒంపేశాను.

బుజ్జి లాబ్రడార్. చెవులు తమలపాకుల్లా వేలాడుతుంటాయి. మా ఊరి వానాకాలంలో దండెం మీది బట్టలే ఆరవు, మూసుకుపోయిన ఆ చెవులేం ఆరతాయి? పైగా ప్రతి ఆదివారం అప్పికొండ తీరానికి తీసుకెళ్లి అలల్లో ఆడించేవాణ్ణి. ఓ ఆగస్టులో తల విదిలించడం, కాలితో చెవి గీరుకోవడం మొదలెట్టింది. దగ్గరికెళితే పులిసిపోయిన పిండి వాసన.

"డాక్టరుకి చూపించండి" అంది మా ఆవిడ. వింటేగా! రిటైరయ్యాక నాకు మూలికల పిచ్చి పట్టింది. టీ ట్రీ నూనె కొనుక్కొచ్చాను. రోజూ నాలుగు కప్పులు తాగే టీయే కదా, దాని నూనె ఏం చేస్తుందిలే అనుకున్నాను. అది టీ మొక్కే కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన చెట్టు, నీలగిరికీ నేరేడుకీ చుట్టం. ఆ సంగతి తర్వాత తెలిసింది.

సీసా మూత తీయగానే అంట్లు తోముతున్న పనమ్మాయి ముక్కు మూసుకుంది. "ఏటి బాబూ, ఈ గాటుకి నా కళ్లే మండిపోతన్నాయి. నోరు లేని జీవి సెవిలో పోత్తారేటి?" చదువుకున్నవాణ్ణి కదా, నవ్వేసి పది చుక్కలు వేశాను. చిక్కటి నూనె, దేనిలోనూ కలపకుండా.

రాత్రికి బుజ్జి నోట చొంగ. వెనక కాళ్లు తూలిపోతున్నాయి. ఒళ్లంతా వణుకు.

డాక్టరుగారు చెవి కడిగి, మురికి తీసి స్లైడు మీద చూశారు. ఈస్టు. "కుక్క చెవి నాళం ఎల్ అక్షరంలా కిందికి దిగి, లోపలికి మలుపు తిరుగుతుంది సార్. పోసింది తేలిగ్గా బయటికి రాదు. దీని కర్ణభేరికి ముందే చిల్లు పడింది. మీ నూనె సరాసరి లోపలికి పోయింది."

"ఈ నూనె ఈస్టుని చంపుతుందని చదివానండీ. మొక్క నుంచి వచ్చిందే కదా?"

"చంపుతుంది, ప్రయోగశాలలో గాజుపళ్లెం మీద. గాజుపళ్లేనికి నరాలుండవు కదండీ."

నాకు నోట మాట రాలేదు. బొగ్గు కాల్చి తారూ బెంజాలూ తీసే చోట బతికినవాణ్ణి. ఆ బొగ్గు మాత్రం ఒకప్పటి చెట్టు కాదూ? మొక్క నుంచి వచ్చిందని బెంజాల్ చెవిలో పోసుకుంటామా?

తర్వాత వెతికి చదివాను. అమెరికాలో పదేళ్లలో చిక్కటి టీ ట్రీ నూనె విషమెక్కిన 443 కుక్కలూ పిల్లుల వివరాలు 2014లో అక్కడి పశువైద్య సంఘం పత్రికలో వచ్చాయి. వాటిలో పొరపాటున తగిలినవి 41. తక్కినవాటిలో 395 మూగజీవాలకి ఆ నూనె పెట్టింది కావాలనే, మేలు చేద్దామనే. ఆ వరసలో నా నంబరు నేనే వేసుకున్నాను.

వణుకు మూడో రోజుకి తగ్గింది. ఈస్టు పోవడానికి నాలుగు వారాలు డాక్టరు ఇచ్చిన మందు వేశాం. ఇప్పుడు సముద్రం నుంచి రాగానే మెత్తటి గుడ్డతో చెవులు తుడుస్తాను. అంతకుమించి చెవిలోకి ఏదీ వెళ్లనివ్వను.

బుజ్జి ఇప్పటికీ తల ఎడమకి వాల్చి చూస్తుంది. వీధిలో పిల్లలు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటారు. అది నా నిర్వాకం.