ముప్పై సెకన్ల కూత

నాకు 58 ఏళ్లు. మొన్నటి కనుమ నాడు ఊళ్లో చెడుగుడు ఆడటానికి నా కాళ్ల మీద వెళ్లి, నలుగురు కుర్రాళ్ల చేతుల మీద ఇంటికొచ్చాను.

పొగరంతా నడక వల్ల వచ్చిందే. పదేళ్లుగా రోజూ తెల్లారగట్ల ఐదు కిలోమీటర్లు నడుస్తున్నాను. పదివేల అడుగులు పూర్తయ్యాయని చేతి గడియారం బుర్రుమంటే ఆ రోజుకి పతకం వచ్చినట్టే. షుగరు లేదు, మూడంతస్తులు ఎక్కినా ఆయాసం రాదు. కాలేజీ జట్టులో ఆడిన కుర్రాడు నాలో చెక్కుచెదరకుండా ఉన్నాడనే అనుకున్నాను. ఆ రోజు ఒక జట్టుకి మనిషి తగ్గాడు. "బాబాయ్, నువ్వు ఆడేవాడివటగా?" అన్నాడో కుర్రాడు. "ఆడేవాడివట" అన్నాడే గానీ "ఆడతావట" అనలేదు. ఆ తేడా నా చెవికెక్కలేదు. పంచె ఎగ్గట్టాను.

కూతకెళ్లాను. నేనెవర్నీ ముట్టుకోలేదు, నన్నెవరూ పట్టుకోలేదు. ఒకడు మీదికొచ్చినట్టనిపించి ఒక్క ఉదుటున వెనక్కి మళ్లబోయాను. తొడ వెనక ఫట్‌మంది. "కబడ్డీ కబడ్డీ" కాస్తా "అమ్మా" అయింది. అదేదో కొత్త ఎత్తుగడ అనుకున్నారు కాబోలు, గట్టు మీదివాళ్లు చప్పట్లు కొట్టారు.

కండ కొంత చిరిగిందన్నారు డాక్టరుగారు. ఫిజియోథెరపీ చెయ్యడానికి ఇంటికొచ్చిన అమ్మాయి నా నడక పురాణం అంతా ఓపిగ్గా విని, "అంకుల్, దమ్ము వేరు, దూకుడు వేరు" అంది. గంటసేపు నడవడానికి కండకి ఊపిరి అందుతూ ఉంటే చాలు. ఒక్కసారిగా దూకాలంటే ఆక్సిజన్ వచ్చేదాకా ఆగే తీరిక ఉండదు. కండలో ముందే దాచిన ఫాస్ఫోక్రియాటిన్ ఓ పది సెకన్లు ఆదుకుంటుంది. ఆ తర్వాత ఆక్సిజన్ లేకుండానే చక్కెర విరిగి కాసేపు నెట్టుకొస్తుంది. ఈ సత్తా కొలవడానికి వింగేట్ పరీక్షలో సైకిల్‌ని ప్రాణం పెట్టి తొక్కిస్తారట, సరిగ్గా 30 సెకన్లు. ఇప్పటి కబడ్డీలో ఒక కూతకిచ్చే గడువూ అంతే. పదేళ్ల నా నడకలో అలాంటి 30 సెకన్లు ఒక్కసారీ లేవు.

బలం ఇరవైల్లో, ముప్పైల్లో నిండుగా ఉంటుంది. కొన్నాళ్లు నిలబడి, యాభై దాటాక జారుడు మొదలవుతుంది. బలం కన్నా ముందు, దానికన్నా వేగంగా పోయేది చురుకు. చురుకు కండపోగులని నడిపించే నరాలు వెన్నులో ఒక్కొక్కటే రాలిపోతాయి. దిక్కులేనివైన పోగుల్లో కొన్నిటిని పక్కనున్న నెమ్మది నరం పెంపకం తీసుకుని తన నడకే నేర్పుతుంది. మిగిలినవి ఎండిపోతాయి. ఆ మాట విన్నప్పుడు నవ్వాను. నవ్వితే తొడ లాగింది.

ఇంతవరకూ చెప్పుకుని నవ్వుకోదగ్గ తెలివితక్కువే. అసలుది ఆ అమ్మాయి వచ్చిన రోజు పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

మా అమ్మకి 82. నాన్న పోయాక ఆరేళ్ల క్రితం తీసుకొచ్చేశాను. తన ఊళ్లో నూతిలోంచి నీళ్లు తోడేది, రోట్లో పిండి రుబ్బేది, పీట మీద కూర్చుని ఒక్క ఊపున లేచేది. ఇక్కడికి రాగానే చేతిలో బిందె లాక్కున్నాను. "జీవితమంతా చేశావు, ఇక కూర్చో." ఎత్తు చేతుల కుర్చీ కొన్నాను, పనికి మనిషిని పెట్టాను. "మా అమ్మని కాలు కింద పెట్టనివ్వను" అని చుట్టాల దగ్గర గొప్పలు పోయాను. వాళ్లు మెచ్చుకున్నారు కూడా.

"మామ్మగారూ, చేతులు గుండెల మీద పెట్టుకుని, ఆనుకోకుండా ఎన్నిసార్లు లేవగలరో చూద్దామా? 30 సెకన్లు" అంది ఆ అమ్మాయి. మళ్లీ ఆ 30 సెకన్లే. అమ్మ ముందుకి ఊగింది, వెనక్కి ఊగింది. ఒక్కసారీ లేవలేదు. నా వైపు చూసి, "లేవడం ఎప్పుడు మర్చిపోయానురా?" అంది. ఆమె మర్చిపోలేదు, నేను మాన్పించాను. ప్రేమతో మాన్పించాను కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు, అంతే.

"ఈ వయసులో ఇంకేం పుంజుకుంటుంది?" అన్నాను, అక్కడికీ నా మిడిమిడి జ్ఞానం వదలక. 1990లో అమెరికాలో మరియా ఫియాతరోనె అనే వైద్యురాలి బృందం ఓ వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్లున్నవాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించిందనీ, చివరిదాకా చేసిన తొమ్మిదిమందికీ కాలి బలం సగటున 174 శాతం పెరిగిందనీ ఆ అమ్మాయి చెప్పింది. నాకు నోరు పెగల్లేదు.

తొడ మానాక నేనూ ఆ పరీక్షకి కూర్చున్నాను. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవాళ్లే 14 కంటే తక్కువ చేస్తే సగటుకి కింద అని లెక్క. నాకు 11 వచ్చాయి. వంటింట్లోంచి మా ఆవిడ, "పదివేల అడుగులు ఏ లెక్కలోకి వస్తాయండీ?" అంది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని లేస్తున్నాం. అంకెలు అమ్మే లెక్కపెడుతుంది, నావి కాస్త తగ్గించి. నిన్న ఆమె చేతులు ఆనించకుండా 4 సార్లు లేచింది. బిందె తిరిగి ఆమె చేతికిచ్చాను, సగం నింపి.